సర్వర్ నుంచి రైతు ఫోనుకు: గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పుష్ సందేశాల చరిత్ర

పుష్ నోటిఫికేషన్ అనేది, ఫోను యజమాని ఏమీ అడగకపోయినా, సంబంధిత యాప్‌ను తెరవకపోయినా, ఎక్కడో ఉన్న సర్వర్ తానే పంపగా తెరమీద కనిపించే చిన్న సందేశం. ఆ సర్వర్ సాధారణంగా ఫోనుతో నేరుగా మాట్లాడదు. ఆపిల్, గూగుల్ వంటి సంస్థలు నడిపే మధ్యవర్తి సర్వర్‌కు వెబ్ ఏపీఐ ద్వారా, అంటే ఒక ప్రోగ్రాం తన కోరికను మరొక ప్రోగ్రాంకు ఇంటర్నెట్ మీదుగా ముందే నిర్ణయించిన రూపంలో తెలిపేందుకు ఏర్పరచిన ద్వారం గుండా, సందేశాన్ని అప్పగిస్తుంది. పత్తి, మిర్చి పండే గుంటూరు, ప్రకాశం మైదానాల్లో, 2022 ఏప్రిల్ పునర్విభజన తరువాత ఏర్పడిన పల్నాడు, బాపట్ల జిల్లాలతో సహా, ఈ సాంకేతికత రేడియో, ఎస్సెమ్మెస్‌ల బాటలోనే వచ్చింది కనుక ఆ పూర్వరంగాన్ని కలుపుకొనే దాని చరిత్రను చెప్పుకోవాలి.

ఇక్కడి వ్యవసాయంలో సమాచారం విలువ గంటల్లో కరిగిపోతుంది. కోసిన మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో అకాల వర్షం పడితే, పట్టలు కప్పుకునే వ్యవధి దొరకని రైతుకు కాయ రంగు మారి తాలు కింద, అంటే నాసిరకం కింద, జమపడుతుంది. గుంటూరు మిర్చి యార్డులో తేజ, బాడిగ, 334 వంటి రకాల ధరలు సరుకు రాకను బట్టి, ఎగుమతి గిరాకీని బట్టి ఒక్క రోజులోనే మారుతుంటాయి. తీతకు వచ్చిన పత్తి తడిస్తే దూది నాణ్యత పడిపోతుంది. మరునాటి పత్రికలో వచ్చే ధర, వాన పడ్డాక తెలిసే వాన కబురు ఇటువంటి చోట పెద్దగా అక్కరకు రావు.

రేడియో, కాల్ సెంటర్, ఈ-సాగు

1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఈ మైదానాలకు దశాబ్దాలపాటు వాతావరణ సూచనలను, సాగు సలహాలను వినిపించింది. అయితే రేడియో అందరికీ ఒకే మాట చెబుతుంది, నిర్ణీత వేళలోనే చెబుతుంది, ఆ వేళకు పొలంలో ఉన్నవాడికి చెప్పలేకపోతుంది. 2004 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన కిసాన్ కాల్ సెంటర్ ఈ లోపాన్ని మరో దిక్కు నుంచి సరిచేసింది: రైతు ఫోను చేస్తే నిపుణుడు అతని భాషలోనే బదులిస్తాడు. కాని అడగాలని రైతుకు తోచినప్పుడే అది పనిచేస్తుంది. తనకు తెలియని తెగులు గురించి ఎవరూ ముందుగా అడగలేరు. 2021–22 పంటకాలంలో మిరప పూతను పట్టి పీల్చిన నల్ల తామర పురుగు ఇక్కడి తోటలకు కొత్త కనుక, ఆ ఏడాది రైతుకు కావలసింది అడగకుండానే వచ్చే హెచ్చరిక.

అడగకుండానే చెప్పడం అన్న సూత్రాన్ని తెలుగు నేల మీద పత్తి చేలలోనే పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఆచార్యుడు పి. కృష్ణారెడ్డి నాయకత్వాన 2004లో మొదలైన ‘ఈ-సాగు’ పథకంలో, వరంగల్ జిల్లాలోని మూడు గ్రామాలకు చెందిన 1,051 పత్తి చేల ఫోటోలను స్థానిక కార్యకర్తలు క్రమం తప్పకుండా తీసేవారు. పల్లెల్లో ఇంటర్నెట్ వేగం చాలనందున ఆ ఫోటోలను సీడీల్లో హైదరాబాదుకు చేరవేసేవారు. అక్కడి వ్యవసాయ నిపుణులు ఒక్కో చేనుకు విడివిడిగా సలహా రాసి పంపేవారు. ఇందులో ఫోనుకు చేరే నోటిఫికేషన్ ఏదీ లేదు. అయినా ప్రతి చేనుకు ఒక గుర్తింపు ఉండడం, ఆ గుర్తింపు వెంట ఒక రైతు ఉండడం, రైతు ప్రశ్నించకుండానే సలహా బయలుదేరడం అనే మూడు అంశాల రీత్యా, ఆ తరువాత వచ్చిన చాలా యాప్‌ల కంటే ఈ-సాగే పుష్ భావనకు దగ్గరగా ఉందని చెప్పవచ్చు.

ఎస్సెమ్మెస్ దశ

1992 డిసెంబరులో ఇంగ్లండులో మొదటి ఎస్సెమ్మెస్ వెళ్లింది. భారత రైతులకు దీనిని వ్యాపార సేవగా అందించే ప్రయత్నాలు 2007లో ఊపందుకున్నాయి: రాయిటర్స్ మార్కెట్ లైట్ మహారాష్ట్రలో చందాదారులకు ధరలను, వాతావరణాన్ని పంపడం ప్రారంభించగా, ఇఫ్కో కిసాన్ సంచార్ సంస్థ ఎయిర్‌టెల్ సిమ్‌ల మీద వాణి సందేశాలను వినిపించింది. 2013 జూలై 16న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించిన ఎం-కిసాన్ వేదికతో ప్రభుత్వ శాఖలు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, పరిశోధన కేంద్రాలు జిల్లా, మండలం, పంట వారీగా నమోదైన నంబర్లకు ఒకేసారి సందేశాలు పంపే వీలు కలిగింది.

తెలుగుకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఎదురైంది. ఒక ఎస్సెమ్మెస్ మోయగలిగింది 140 బైట్లు. ఏడు బిట్ల సంకేతంలో రాసే ఇంగ్లీషు అందులో 160 అక్షరాల మేర పడుతుంది, యూనికోడ్‌లో రాసే తెలుగు 70 సంకేతాల దగ్గరే ఆగిపోతుంది. పైగా గుణింతపు గుర్తులు, సున్నలు విడి సంకేతాలుగా లెక్కకు వస్తాయి కనుక ‘గుంటూరు’ అన్న ఒక్క మాటకే ఏడు సంకేతాలు ఖర్చవుతాయి. సందేశం 70 సంకేతాలకు మించితే దానిని ముక్కలుగా విడగొట్టి పంపాలి, ముక్కముక్కకూ రుసుము కట్టాలి. తెలుగు అక్షరాలు లేని బటన్ ఫోన్లలో ఆ సందేశం గళ్లుగా కనిపించేది. అందువల్ల తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో రాసి పంపే అలవాటు చాలాకాలం కొనసాగింది.

అనవసర ప్రచార సందేశాలను అరికట్టేందుకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో జారీ చేసిన నిబంధనల ప్రకారం, సామూహికంగా ఎస్సెమ్మెస్ పంపే ప్రతి సంస్థా తన పేరును, పంపబోయే వాక్యాల నమూనాలను ముందే నమోదు చేసుకోవాలి. 2021 మార్చి 8న ఈ వడపోత అమల్లోకి వచ్చినపుడు బ్యాంకుల ఓటీపీలు సైతం ఆగిపోవడంతో ట్రాయ్ దానిని కొద్దిరోజులు వాయిదా వేయవలసి వచ్చింది. నమూనాకు లోబడిన వాక్యాల్లో, అప్పటికప్పుడు పుట్టుకొచ్చిన పురుగు గురించి వివరంగా చెప్పడం కష్టమే.

పుష్ సేవల నిర్మాణం

యాప్‌లకు సర్వర్ నుంచి సందేశం అందించే సేవను ఆపిల్ 2008లో ప్రకటించి, 2009 జూన్‌లో ఐఫోన్ మూడో ఓఎస్‌తో విడుదల చేసింది. ఆండ్రాయిడ్ కోసం గూగుల్ 2010లో తెచ్చిన తొలి సేవ స్థానంలో 2012లో గూగుల్ క్లౌడ్ మెసేజింగ్, 2016లో ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్ వచ్చాయి. ఫైర్‌బేస్ సంస్థను గూగుల్ 2014లోనే కొనుగోలు చేసింది. ప్రతి యాప్ తన సర్వర్‌తో విడిగా ఎడతెగని సంబంధం పెట్టుకుంటే బ్యాటరీ నిలవదు కనుక, ఫోను మొత్తానికి ఒకే సంబంధాన్ని తెరిచి ఉంచి, అన్ని యాప్‌ల సందేశాలనూ దాని మీదుగానే దింపడం ఈ సేవలన్నిటికీ మూలసూత్రం. గ్రామానికి వచ్చే ఉత్తరాలన్నీ ఒకే తపాలా సంచిలో దిగి ఇంటింటికీ పంపకమైనట్లే ఇదీ.

ఆచరణలో ఈ ప్రక్రియ యాప్ నుంచి మొదలవుతుంది. ఫోనులో చేరిన యాప్ మధ్యవర్తి సేవ దగ్గర నమోదై, ఆ ఫోనులోని ఆ యాప్‌కు మాత్రమే చెందిన ఒక పొడవాటి అక్షరాల వరుసను పొందుతుంది. దీనిని టోకెన్ అంటారు. యాప్ ఈ టోకెన్‌ను తన సంస్థ సర్వర్‌కు అందజేస్తుంది, సర్వర్ దానిని రైతు పేరు, పంట, మండలం వంటి వివరాల పక్కన దాచుకుంటుంది. వర్ష సూచన వచ్చినపుడు సర్వర్ ఆ టోకెన్‌ను, శీర్షికను, విషయాన్ని ‘జేసన్’ అనే పాఠ్యరూపంలో కూర్చి, తానెవరో నిరూపించే తాత్కాలిక అనుమతి చీటీని జోడించి, ఏపీఐ చిరునామాకు పంపుతుంది. ఫైర్‌బేస్ ప్రస్తుత పద్ధతిలో ఆ అనుమతి సుమారు గంటసేపే చెల్లుతుంది. పాత పద్ధతిలో ఒకే శాశ్వత తాళంచెవి సరిపోయేది, అది పరుల చేత పడితే ఎవరైనా ఆ సంస్థ పేరుతో సందేశాలు పంపగలిగేవారు; ఆ పాత ఏపీఐలకు గూగుల్ 2023 జూన్‌లో కాలదోషం ప్రకటించి, 2024 జూలై నుంచి మూసివేయడం ప్రారంభించింది. వేలాది మంది రైతులకు విడివిడిగా పంపనవసరం లేకుండా ‘టాపిక్’ అనే ఏర్పాటు కూడా ఉంది: ఒక మండలం పేరిట, లేదా ఒక పంట పేరిట టాపిక్ నెలకొల్పితే, యాప్‌లు దానిలో చేరతాయి, సర్వర్ ఒక్కమారు పంపితే చాలు.

సందేశ పరిమాణం విషయంలోనూ మార్పు వచ్చింది. ఆపిల్ మొదట అనుమతించింది 256 బైట్లే. యూనికోడ్ సంకేతాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పట్టడం వల్ల, ఆనాటి తెలుగు నోటిఫికేషన్ ఎస్సెమ్మెస్ కంటే పెద్దగా మెరుగైనది కాదు. ఇప్పుడు రెండు సేవల్లోనూ సాధారణ పరిమితి 4,096 బైట్లు.

ఏపీఐ నుంచి ‘అందింది’ అన్న జవాబు వచ్చినా, అది మధ్యవర్తికి అందిందనడానికే సాక్ష్యం, రైతు చూశాడనడానికి కాదు. ఫోను ఆఫ్‌లో ఉంటే ఫైర్‌బేస్ సందేశాన్ని గరిష్ఠంగా నాలుగు వారాలు దాచిపెడుతుంది. గడువు ముందే నిర్దేశించకపోతే, నిన్నటి వాన హెచ్చరిక నేటి ఎండలో మోగుతుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ ఆరో రూపం నుంచి, కదలకుండా ఉన్న ఫోను గాఢ విశ్రాంతిలోకి వెళుతుంది కనుక, అత్యవసర ప్రాధాన్యం గుర్తు లేని సందేశాలు ఆలస్యమవుతాయి. కొన్ని చవక ఫోన్లు వాడని యాప్‌లను పూర్తిగా నిద్రపుచ్చుతాయి. 2022లో వచ్చిన పదమూడో రూపం నుంచి నోటిఫికేషన్లకు యజమాని అనుమతి తప్పనిసరి. మొదటిసారి ‘వద్దు’ నొక్కినవారికి, తామే ఆ అనుమతిని మార్చుకుంటే తప్ప, ఆ తరువాత ఏమీ రాదు.

యాప్‌లు, హెచ్చరికలు

2016 ఈ ప్రాంతానికి మలుపు. ఆ మార్చిలో కేంద్ర ప్రభుత్వపు కిసాన్ సువిధ యాప్, ఏప్రిల్ 14న జాతీయ ఎలక్ట్రానిక్ మార్కెట్ ఈ-నామ్ ప్రారంభం కాగా, సెప్టెంబరులో టెలికాం సంస్థ జియో రాకతో డేటా ధర పడిపోయి గ్రామాల్లో స్మార్ట్‌ఫోన్లు పెరిగాయి. అదే ఏడాది కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు విత్తే తేదీని లెక్కగట్టి తెలిపాయి. ఆ సలహా వెళ్లింది మాత్రం యాప్ మీదుగా కాదు, తెలుగు ఎస్సెమ్మెస్‌గా. లెక్కింపు ఎంత ఆధునికమైనా చివరి మెట్టు ఊళ్లో ఉన్న ఫోనును బట్టే నిర్ణయమవుతుందనడానికి ఇది చక్కని నిదర్శనం. వాతావరణ శాఖ, ఉష్ణమండల వాతావరణ సంస్థ, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి 2019లో విడుదల చేసిన మేఘదూత్ యాప్ మంగళ, శుక్రవారాల్లో జిల్లావారీ సాగు సలహాలను అందిస్తుంది. భారత పత్తి సంస్థ 2025లో తెచ్చిన కపాస్ కిసాన్ యాప్‌లో రైతు పేరు నమోదు చేసుకుని, కొనుగోలు కేంద్రానికి సరుకు తెచ్చే రోజును ముందే ఎంచుకోవాలి.

ప్రాణాపాయ హెచ్చరికల్లో ఆంధ్రప్రదేశ్ ముందుగానే అడుగు వేసింది. 2018 ఏప్రిల్ 24న రాష్ట్రంలో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనట్లు విపత్తు నిర్వహణ సంస్థ లెక్కించింది. ‘వజ్రపాత్’ యాప్, ఎస్సెమ్మెస్‌లు ఆ రోజుల్లోనే పిడుగు సూచనకు వాడుకలోకి వచ్చాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటేనాటికి, ఏ సంస్థ జారీ చేసిన హెచ్చరికనైనా ఒకే ప్రామాణిక రూపంలో స్వీకరించి టెలికాం సంస్థలకు అందించే ‘సచేత్’ అనే జాతీయ వేదిక పనిలో ఉంది. అదే ఏడాది దేశవ్యాప్తంగా పరీక్షించిన సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతి పుష్‌కు పూర్తిగా భిన్నం: అది టోకెన్‌నూ ఫోను నంబరునూ అడగదు, ఎంచుకున్న టవర్ల పరిధిలో ఉన్న ప్రతి ఫోనులోనూ పెద్ద శబ్దంతో ఒకేసారి మోగుతుంది.

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘మన మిత్ర’ మరో దారి తొక్కింది. కొత్త యాప్ వేయించే బదులు అప్పటికే ఫోన్లలో ఉన్న వాట్సాప్‌ను, దాని వ్యాపార ఏపీఐ సాయంతో, 161 సేవలకు వాహకం చేసింది. వాడుకరి చివరిసారి పలకరించి 24 గంటలు దాటాక సర్వర్ పంపదలిచిన ఏ సందేశానికైనా ముందుగా ఆమోదం పొందిన నమూనా కావాలన్నది ఈ ఏపీఐ నియమం.

చిరునామా సమస్య

టోకెన్ మనిషికి కాక యంత్రానికి చెందుతుంది. యాప్ తీసేసినా, ఫోను మార్చినా పాత టోకెన్ చెల్లదు. ఆండ్రాయిడ్‌లో 270 రోజులు కదలిక లేని టోకెన్‌ను ఫైర్‌బేస్ గడువు తీరినదిగా భావించి, ఆ తరువాత దానికి పంపిన సందేశాన్ని తిరస్కరిస్తుంది. ఈ సాంకేతిక లోపానికి మందు తేలిక: తిరస్కరించిన టోకెన్‌ను పట్టిక నుంచి తొలగించి, యాప్ తెరిచినప్పుడల్లా కొత్తదాన్ని తీసుకోవాలి. భూమికీ ఫోనుకూ ముడి వేయడమే అసలు చిక్కు. ఈ మైదానాల్లో పత్తి, మిర్చి సాగులో కౌలు రైతులు గణనీయంగా ఉన్నారు. నమోదు భూమి దస్తావేజును అనుసరించిన చోటల్లా పంట హెచ్చరిక పట్టణంలో ఉంటున్న యజమాని ఫోనులో మోగి, కల్లం దగ్గర కాయ ఎండబెడుతున్న సాగుదారు దాకా రాదు. రాష్ట్ర ప్రభుత్వపు ఈ-క్రాప్ పంట నమోదులో వాస్తవ సాగుదారును రాయడం ఈ లోపాన్ని కొంతవరకు పూడ్చగలదు. కాని తన సాగును రుజువు చేసుకునేందుకు కౌలు రైతుకు 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే 11 నెలల కార్డుకు భూయజమాని సంతకం అవసరం.