పొగ పరీక్ష నుంచి ఇంజన్ దీపం దాకా

1990 మార్చి 1 నుంచి, ఆగి ఉన్న పెట్రోలు కారు పొగలో కార్బన్ మోనాక్సైడు 3 శాతం మించరాదన్న నిబంధన అమలైంది. ఆ తరువాత సికింద్రాబాదులో మా మారుతీ 800 ఆ పరీక్షలో తప్పింది. కార్బురేటర్ మార్చాలన్నాడు ఒక మెకానిక్. నా జీతపు రాళ్లతో అంత సొమ్మెక్కడిది? మరొక పెద్దాయన ఎయిర్ ఫిల్టర్ విప్పి, దుమ్ముతో పూడిపోయిందని చూపాడు. గాలి చాలక పెట్రోలు పూర్తిగా కాలడం లేదట. కొత్త ఫిల్టర్‌తో కారు గట్టెక్కింది.

2010 ఏప్రిల్ నుంచి జంటనగరాల్లో బి.ఎస్.-4 కార్లకు, లోపాన్ని కనిపెట్టి చెప్పే ఇంజన్ దీపం తప్పనిసరైంది. ఈమధ్య మా అబ్బాయి పాత కారులో అది వెలిగింది. కోడ్ పి0420, అంటే పొగను శుద్ధిచేసే కన్వర్టర్ పనితీరు తగ్గిందని. దాన్ని మార్చబోయి ఆగాం. లోపం పొగ గొట్టం జాయింటు లీకులో ఉంది.

మిత్రులారా, జ్వరమెంతో థర్మామీటరు చెబుతుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. భాగం మార్పించే ముందు కారణం చూపమని అడగండి.