ఈడు పిల్లల చెలిమి: తొంభై ఏళ్ల పరిశోధన ఏం చెప్పింది?

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో పిల్లల మనసును పరిశీలించినవారి దృష్టి ఎక్కువగా ఇంటి మీదే ఉండేది. మనోవిశ్లేషణకు పునాది వేసిన సిగ్మండ్ ఫ్రాయిడ్ సిద్ధాంతంలో బిడ్డ వ్యక్తిత్వాన్ని మలిచేది తల్లిదండ్రులే. తోటి పిల్లలతో స్నేహానికి అందులో దక్కిన చోటు చాలా తక్కువ. ఆ అభిప్రాయం ఒక్కసారిగా మారలేదు.

ఒక పెద్ద కదలిక 1932లో మనోవైజ్ఞానికుడు జీన్ పియాజే పుస్తకంతో వచ్చింది. స్విట్జర్లాండ్‌లో గోలీలాడే పిల్లల దగ్గర కూర్చుని ఆయన ఒక ప్రశ్న అడిగాడు: ఈ ఆట నియమాలు మార్చవచ్చా? చిన్నవాళ్లు అవి పెద్దలు పెట్టినవనీ, మార్చకూడదనీ అన్నారు. కాస్త ఎదిగిన పిల్లలు మాత్రం అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చన్నారు. పెద్దల మాటను పిల్లలు గౌరవంతోనో భయంతోనో వింటారు. ఈడువాడితో అలా కుదరదు. వాదించాలి, ఒప్పించాలి, ఒక్కోసారి తగ్గాలి. న్యాయబుద్ధి సమానుల మధ్యే పెరుగుతుందని పియాజే తేల్చాడు. రెండేళ్ల తర్వాత మనోవైద్యుడు జేకబ్ మొరీనో పిల్లలు ఎవరిని కోరుకుంటున్నారో వారినే అడిగి, ఆ ఎంపికలను గీతల పటాలుగా ప్రచురించాడు. అందరూ కోరేవారు, ఎవరూ కోరనివారు ఆ పటాల్లో స్పష్టంగా కనిపించారు.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా లోతైన సాక్ష్యాన్ని తెచ్చింది. నాజీల చేతిలో తల్లిదండ్రులను పోగొట్టుకుని, తెరెజీన్ నిర్బంధ శిబిరంలో కలిసి పెరిగిన ఆరుగురు పిల్లలను 1945లో ఇంగ్లండ్‌కు తీసుకొచ్చారు. అందరికీ మూడు నాలుగేళ్ల వయసే. వచ్చిన కొత్తలో బొమ్మలు విరగ్గొట్టారు, పెద్దలను కొట్టారు, కొరికారు. కానీ ఒకరినొకరు విడిచి క్షణం ఉండేవారు కాదు. తాము తినేముందు పక్కవాడికి అందిందో లేదో చూసుకునేవారు. వారి గురించి మనోవిశ్లేషకురాలు ఆనా ఫ్రాయిడ్, ఆ పిల్లలను సాకిన సోఫీ డాన్ 1951లో రాశారు. తల్లిలేని లోటు ఆ పిల్లల్లో కనిపించింది, వారిని సంభాళించడమూ కష్టమే అయింది. అయినా వారి మనసు చితికిపోలేదు. ప్రేమను ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. స్నేహం తల్లి స్థానాన్ని పూరించలేకపోవచ్చు కానీ, అంత చీకటిలో బిడ్డను మనిషిగా నిలబెట్టగలదని ఆ ఆరుగురూ చూపించారు.

అమెరికా మనోవైద్యుడు హ్యారీ స్టాక్ సలివన్ ఉపన్యాసాలు ఆయన మరణానంతరం 1953లో పుస్తకంగా వచ్చాయి. ఎనిమిది, పదేళ్ల మధ్య పిల్లలకు ఒక ప్రాణస్నేహితుడు దొరుకుతాడనీ, అవతలివాడి సంతోషం తన సంతోషమంత ముఖ్యమని పిల్లవాడు గ్రహించేది అప్పుడేననీ ఆయన అన్నాడు. ఇంట్లో తగిలిన గాయాలను కూడా ఆ చెలిమి కొంత మాన్పగలదని నమ్మాడు. 1970ల మొదట్లో మనోవైజ్ఞానికులు హార్లో, సువోమీ కోతులపై చేసిన ప్రయోగం ఇందుకు దగ్గరగా వచ్చింది. ఆరు నెలలు ఒంటరిగా పెంచిన కోతిపిల్లలను, తమకన్నా చిన్నవైన మూడు నెలల కూనలతో కలిపారు. ఆ కూనలు బెదిరించలేదు, వచ్చి హత్తుకున్నాయి. ఒంటరివి క్రమంగా ఆటలో పడ్డాయి.

ఆపై పరిశోధకులు మరో తేడా గుర్తించారు. తరగతిలో అందరికీ నచ్చడం వేరు, ఒక మంచి స్నేహితుడు ఉండడం వేరు. బ్యాగ్‌వెల్, న్యూకోంబ్, బుకావ్‌స్కీ అయిదో తరగతి పిల్లలను పన్నెండేళ్ల తర్వాత మళ్లీ కలిసి 1998లో ఫలితాలు ప్రకటించారు. చిన్నప్పుడు ఆప్తమిత్రుడు ఉన్నవారిలో పెద్దయ్యాక ఆత్మగౌరవం ఎక్కువగా కనిపించింది.

ఈ శతాబ్దంలో ప్రశ్న ఇల్లూ బడీ దాటి సమాజానికి చేరింది. ఢిల్లీలో 2007లో చాలా ప్రైవేటు బడులు పేద పిల్లలకు సీట్లు ఇవ్వాల్సి వచ్చింది. వారి పక్కన కూర్చున్న సంపన్న పిల్లల్లో దాతృత్వం పెరిగిందనీ, పేదలపట్ల వివక్ష తగ్గిందనీ ఆర్థికవేత్త గౌతమ్ రావు 2019లో ప్రచురించిన పరిశోధన చూపింది. విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో బలహీన వర్గాల పిల్లలకు కేటాయించిన 25 శాతం సీట్లను ఈ కోణంలోనూ చూడాలి. అవి పేదబిడ్డకు ఎంత మేలో, కలిగినింటి బిడ్డకూ అంతే మేలు.

ఇంత తెలిశాక కూడా మన తెలుగు రాష్ట్రాల్లో మార్కులను బట్టి సెక్షన్లు మార్చి స్నేహాలను విడదీస్తున్నాం, ఆటల పీరియడ్‌ను స్టడీ అవర్‌గా మారుస్తున్నాం. తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ నా విన్నపం ఒక్కటే: బిడ్డకు ఎన్ని మార్కులొచ్చాయని అడిగే ముందు, నీ నేస్తం ఎవరని అడగండి. జవాబు లేకపోతే దాన్ని చదువులో వెనకబాటుకన్నా తీవ్రంగా పట్టించుకోండి.