కారులో అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ ఉందా? గార్లదిన్నె లాంటి ఊరు వచ్చేసరికి ఏం చేయాలి?

హైదరాబాద్ నుంచి కారులో బెంగళూరు బయల్దేరారు. కర్నూలు దాటారు, గుత్తి దాటారు. 44వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలతో నున్నగా సాగుతోంది. స్టీరింగ్ మీద బటన్ నొక్కి 100 కిలోమీటర్ల వేగం సెట్ చేశారు. ముందున్న లారీ నెమ్మదిస్తే మీ కారూ నెమ్మదిస్తోంది. అది పక్కకు తప్పుకుంటే మళ్లీ వేగం అందుకుంటోంది. మీ కాలికి పని లేదు.

పామిడి దాటాక, అనంతపురం ఇంకా 20 కిలోమీటర్లు ఉందనగా గార్లదిన్నె వస్తుంది. అక్కడ మాత్రం మీ కాలు మళ్లీ బ్రేకు మీదకు రావాలి. ఎందుకో, అసలు ఈ ఫీచర్‌ను ఎలా వాడాలో, దాన్ని నమ్ముకోవాలంటే కారును ఎలా చూసుకోవాలో తెలుసుకుందాం.

అసలు ఇదేంటి?

మామూలు క్రూజ్ కంట్రోల్ మీరు పెట్టిన వేగాన్ని అలాగే కొనసాగిస్తుంది. అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్, అంటే ఏసీసీ, ముందున్న వాహనంతో దూరాన్ని కూడా చూసుకుంటుంది. బంపర్ లేదా గ్రిల్ వెనుక ఒక రాడార్, ముందు అద్దం పైభాగంలో ఒక కెమెరా ఉంటాయి. కొన్ని కార్లలో రెండూ, కొన్నింటిలో ఒక్కటే.

మన దేశంలో 2021 తర్వాత ఇది మధ్యతరగతి కొనే కార్లలోకి వచ్చింది. మహీంద్రా ఎక్స్‌యూవీ 700, హ్యుందాయ్ వెర్నా, క్రెటా, టాటా హ్యారియర్ లాంటి వాటి పై వేరియంట్లలో ఉంది. గార్లదిన్నె మీదుగా వెళ్లే ఇదే రహదారి పక్కన, పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో తయారయ్యే సెల్టోస్‌లోనూ 2023 నుంచి కొన్ని వేరియంట్లలో ఇస్తున్నారు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఇవన్నీ డ్రైవర్‌కు సాయం చేసే వ్యవస్థలే, డ్రైవర్‌కు బదులు కావు. ఏసీసీ ఆన్‌లో ఉన్నా కారు నడుపుతున్నది మీరే, బాధ్యత కూడా మీదే.

గార్లదిన్నెలో ఏమిటి సమస్య?

ఏసీసీ చూసేది ముందున్న వాహనాన్ని. ఊరిని కాదు. అనంతపురం జిల్లా మెట్ట ప్రాంతంలో హైవే అంటే కార్లు, లారీలు మాత్రమే కాదు. పొలం నుంచి వచ్చే ట్రాక్టర్, కూలీల ఆటో, డివైడర్ గ్యాప్ దగ్గర తిరిగే బైకు, చుట్టూ తిరిగి రావడమెందుకని రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే మరో బైకు, మేత కోసం రోడ్డు దాటే గొర్రెల మంద, అన్నీ ఇదే రోడ్డు మీద ఉంటాయి.

2024 నవంబరు 23న గార్లదిన్నె మండలం తలగాసిపల్లి వద్ద ఆర్టీసీ బస్సు, ఆటో ఢీకొన్నాయి. పని ముగించుకుని ఆటోలో ఇంటికి వెళుతున్న పుట్లూరు మండలం ఎల్లుట్ల వ్యవసాయ కూలీలు ప్రాణాలు కోల్పోయారు. ఆ ప్రమాదానికీ ఏసీసీకీ సంబంధం లేదు. కానీ ఈ రోడ్డు మీద మీతోపాటు ఎవరు ప్రయాణిస్తున్నారో అది చెబుతుంది.

ఏసీసీ వేటిని సరిగ్గా పట్టుకోలేదు?

ఆగి ఉన్న వాహనం: అన్నింటికంటే ప్రమాదకరమైనది ఇదే. రాడార్ కదిలే వాటిని బాగా పసిగడుతుంది. రోడ్డు పక్క బోర్డు, వంతెన గోడ, ఆగిన లారీ అన్నీ దానికి కదలనివే. కనిపించిన ప్రతి బోర్డుకూ బ్రేకు వేస్తే కారు ముందుకు సాగదు కాబట్టి, చాలా వ్యవస్థలు అధిక వేగంలో కదలని వాటిని వడపోసేస్తాయి. మీ ముందు కారు ఉన్నట్టుండి పక్క వరుసలోకి తప్పుకుని, దాని ముందు పంక్చరైన లారీ ఆగి ఉందనుకోండి. ఏసీసీకి మాత్రం ‘దారి ఖాళీ’ అనిపించవచ్చు. అప్పుడు కారు బ్రేకు వేయడానికి బదులు వేగం పెంచే అవకాశం ఉంది.

బైకులు, సైకిళ్లు: సన్నగా ఉండటం, వరుస అంచున నడవడం వల్ల ఆలస్యంగా కనిపిస్తాయి, ఒక్కోసారి కనిపించవు.

అడ్డంగా వచ్చేవి, ఎదురొచ్చేవి: డివైడర్ గ్యాప్‌లోంచి దూరిన ఆటో, రోడ్డు దాటే మనిషి, గొర్రెలు, రాంగ్ రూట్ బైకు. ఏసీసీ తయారైంది మీరు వెళ్లే దిశలోనే ముందు వెళుతున్న వాహనం కోసం.

లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ: రాత్రిపూట కెమెరాకు మీ కళ్లకంటే ఎక్కువేమీ కనిపించదు.

వాన, పొగమంచు, దుమ్ము: రాడార్ మీద బురద, కెమెరా ముందు అద్దం మీద దుమ్ము పేరుకుంటే వ్యవస్థ హెచ్చరిక చూపి ఆగిపోవచ్చు. తడిరోడ్డు మీద మాత్రం హెచ్చరిక కోసం చూడకుండా మీరే ఆపేయండి.

‘ఎలాగూ ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకు ఉంది కదా’ అనుకోవద్దు. అది ఢీకొట్టే ముందు ఆఖరి ప్రయత్నం. ఇక ఏసీసీ తనంతట వేసే బ్రేకు సాధారణంగా మెల్లగా ఉంటుంది. మీరు గట్టిగా తొక్కితే వచ్చే బ్రేకులో దాదాపు సగమే.

ఎప్పుడు ఆన్, ఎప్పుడు ఆఫ్?

ఆన్ చేయవచ్చు: పొడి రోడ్డు, పగటి వెలుగు, డివైడర్ ఉన్న రహదారి, రెండు వైపులా ఊరు లేని చోటు, సాఫీగా సాగే ట్రాఫిక్.

ఆఫ్ చేయాలి: ఊరి పేరు బోర్డు కనిపించగానే, డివైడర్ గ్యాప్‌లు, సర్వీస్ రోడ్డు వచ్చి కలిసే చోట్లు, టోల్‌గేట్, రోడ్డు పనులు, మలుపులు, ఘాట్ రోడ్లు, వాన, రాత్రిపూట తెలియని దారి, నిద్ర వస్తున్నప్పుడు. నిద్ర వస్తే ఏసీసీని కాదు, కారునే ఆపాలి. హైవే అంచున కాకుండా పెట్రోల్ బంకులోనో, దాబాలోనో ఆపండి.

ఆఫ్ చేయడానికి బ్రేకును తేలిగ్గా తాకితే చాలు. ఊరు దాటగానే ‘రెజ్యూమ్’ నొక్కేముందు ఒక్క క్షణం చూడండి. కారు పాత వేగానికి, అంటే 100కు, వెళ్లిపోవాలని చూస్తుంది. ముందు ఖాళీ ఉందో లేదో మీ కళ్లతో తేల్చుకోండి.

వేగం, దూరం ఎంత పెట్టుకోవాలి?

కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కార్ల గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. స్థానికంగా అంతకంటే తక్కువ బోర్డు ఉంటే అదే వర్తిస్తుంది.

100 వేగంలో కారు ఒక్క సెకనుకు 28 మీటర్లు పోతుంది. ప్రమాదం గమనించి కాలు బ్రేకు మీదకు వెళ్లేసరికి సెకనున్నర పడుతుందనుకుంటే, పొడి రోడ్డు మీద కారు పూర్తిగా ఆగడానికి దాదాపు 95 నుంచి 100 మీటర్లు కావాలి. 80 వేగంలో అది 70 మీటర్లకు, 60లో 45 మీటర్లకు తగ్గుతుంది. ఊరి దగ్గర 60కి దిగడం వల్ల పోయేది ఒకటి రెండు నిమిషాలే.

ఏసీసీలో దూరం ఎంచుకునే బటన్ ఉంటుంది. కారు బొమ్మ ముందు మూడు నాలుగు గీతలు కనిపిస్తాయి. ‘దూరం ఎక్కువ ఉంటే మధ్యలో ఎవరో దూరుతున్నారు’ అని చాలామంది ఒక్క గీతకు తగ్గించేస్తారు. అలా చేయవద్దు. హైవే మీద అన్నింటికంటే ఎక్కువ దూరమే పెట్టుకోండి. ఎవరైనా దూరితే దూరనివ్వండి.

మెయింటెనెన్స్‌కూ దీనికీ ఏం సంబంధం?

చాలా ఉంది. బ్రేకు వేయమని ఏసీసీ ఆదేశించగలదు. కారును ఆపాల్సింది మాత్రం మీ బ్రేక్ ప్యాడ్లు, టైర్లే.

టైర్లు: నెలకోసారి, దూర ప్రయాణానికి ముందు గాలి చూపించండి. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. డ్రైవర్ తలుపు పక్కన అతికించిన స్టిక్కర్‌లో ఉన్నంతే పట్టించండి. ‘ఎండాకాలం కదా’ అని తగ్గించి పట్టిస్తే టైరు మరింత వేడెక్కి పేలే ప్రమాదం ఉంటుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరితే టైరు మార్చాల్సిందే. స్టెప్నీని మరిచిపోవద్దు.

బ్రేకులు: ప్రతి సర్వీసులో ప్యాడ్ల మందం అడిగి తెలుసుకోండి. బ్రేక్ ఆయిల్ సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి. మీ కారు మాన్యువల్‌లో ఎంత రాసి ఉందో చూడండి.

అద్దం, సెన్సర్లు: ఎర్రదుమ్ము పట్టిన అద్దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు నీళ్లు పోసి, తర్వాత మెత్తటి గుడ్డ వాడండి. వైపర్ రబ్బరు ఎండకు బిరుసెక్కుతుంది. వానాకాలానికి ముందే మార్చండి.

రాడార్‌కు అడ్డు: ఆయుధ పూజకు గ్రిల్ మీద కట్టిన బంతిపూల దండ, బంపర్‌కు వేలాడే నిమ్మకాయలు, మిరపకాయలు, లోగో మీద అతికించిన స్టిక్కర్, ఏదైనా రాడార్‌ను మూసేయవచ్చు. పూజ అయ్యాక బయల్దేరే ముందు తీసేయండి. ఫాస్టాగ్‌ను కెమెరా ముందు అతికించవద్దు. బుల్‌బార్ అసలే వద్దు. అది చట్టవిరుద్ధమని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు లేఖ రాసింది.

కాలిబ్రేషన్: ముందు అద్దం మార్చినా, బంపర్ విప్పి బిగించినా, చిన్న గుద్దుడు తగిలినా కెమెరా, రాడార్‌ల గురి మళ్లీ సరిచూడాలి. రాడార్ ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే 100 మీటర్ల దూరంలో గురి 1.75 మీటర్లు తప్పుతుంది. అంటే సగం వరుస. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో బంపర్ పని చేయిస్తుంటే ఎస్టిమేట్‌లో ‘కాలిబ్రేషన్’ అని రాయించండి. పని పూర్తయ్యాక రిపోర్టు అడిగి తీసుకోండి.

హెచ్చరిక లైటు: డాష్‌బోర్డు మీద ఏసీసీ హెచ్చరిక మళ్లీ మళ్లీ వస్తుంటే ముందు అద్దం, బంపర్ శుభ్రం చేయండి. అయినా పోకపోతే సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. బలహీనపడిన బ్యాటరీ కూడా కారణం కావచ్చు.

కాగితాలు, ఫిర్యాదులు

ఆర్‌సీ, లైసెన్సు డిజీలాకర్ లేదా ఎంపరివాహన్ యాప్‌లో ఉంటే చాలు, చెల్లుతాయి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు ప్రయాణానికి ముందు చూసుకోండి. బీఎస్-6 కారుకు మొదటి ఏడాది తర్వాత పొల్యూషన్ సర్టిఫికెట్ ఏటా తీసుకోవాలి. అది లేకపోతే రూ.10 వేల వరకు జరిమానా పడవచ్చు. డీలర్ లోపాన్ని సరిచేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ప్రమాదం కనిపిస్తే?

హైవే మీద పాడైన వాహనం, అడ్డంగా ఉన్న లారీ, ప్రమాదం, ఏది కనిపించినా 1033కు ఫోన్ చేయండి. ఇది జాతీయ రహదారుల సంస్థ హెల్ప్‌లైన్. అంబులెన్స్‌కు 108, పోలీసులకు 112.

గాయపడినవారికి సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామని వెనకాడవద్దు. మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ మంచి మనసుతో సాయపడినవారికి రక్షణ ఇస్తోంది. పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతం చేయకూడదు. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స అందుతుంది.

ప్రయాణానికి ముందు రెండు నిమిషాలు

టైర్ల గాలి చూశారా? ముందు అద్దం, బంపర్ తుడిచారా? డాష్‌బోర్డు మీద హెచ్చరిక ఏదైనా ఉందా? ఏసీసీ దూరం ఎక్కువలో ఉందా? 1033 ఫోన్‌లో సేవ్ చేశారా?

ఇవి పూర్తయితే బయల్దేరండి. దారిలో ఊరి పేరు బోర్డు కనిపించిన ప్రతిసారీ, అది గార్లదిన్నె అయినా మరో ఊరైనా, బ్రేకును ఒకసారి తాకండి. అక్కడి నుంచి ఊరు దాటేదాకా కారును మీరే నడపండి.