కొండ కింద మజిలీ

వినుకొండలో పుట్టి, ఊరు దాటకుండా బతికిన కుటుంబాలకు కూడా చిరునామా మూడుసార్లు మారింది. 1859 దాకా గుంటూరు జిల్లా. ఆ ఏడు గుంటూరునూ మచిలీపట్నాన్నీ కలిపి కృష్ణా జిల్లా చేశారు. 1904లో మళ్ళీ గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లా, కలెక్టరాఫీసు నరసరావుపేట. ఇల్లు ఉన్నచోటే ఉంది, జిల్లాలే వచ్చి పోయాయి.

మనుషులు మాత్రం ఎప్పుడూ కదులుతూనే ఉన్నారు. వినుకొండ చరిత్ర అనగానే కొండ మీది రామలింగేశ్వరస్వామితో మొదలుపెట్టడం అలవాటు. సీతమ్మను ఎత్తుకుపోయిన కబురు రాముడు ఇక్కడే విన్నాడనీ, అందుకే ఇది వినుకొండ అయిందనీ స్థలపురాణం. 1515లో కృష్ణదేవరాయలు కొండవీటి మీదికి వచ్చినప్పుడు పట్టుకున్న దుర్గాల్లో వినుకొండ కూడా ఉంది. అయితే ఈ ఊరి అసలు కథ దుర్గంలో కన్నా దారిలో ఎక్కువ దొరుకుతుంది. ఎవరు ఎందుకు వచ్చారు, ఎవరు ఎందుకు వెళ్ళారు, వెళ్ళినవాళ్ళలో ఎవరు తిరిగొచ్చారు అన్నది చూస్తేనే ఊరు అర్థమవుతుంది.

వెళ్ళడానికి మొదటి కారణం నీళ్ళు. 1832–33లో వచ్చిన కరువును డొక్కల కరువన్నారు. గుంటూరు జిల్లా జనంలో మూడోవంతుకు తక్కువ కాకుండా పోయారు. కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు మద్రాసు దారి పట్టారు, చాలామంది ఆ దారిలోనే రాలిపోయారు. ఆ శతాబ్దం చివర్లో గుంటూరు నుంచి నంద్యాల మీదుగా గుంతకల్లుకు మీటరు గేజి రైలు పడింది. వినుకొండకు రైలు అప్పుడొచ్చింది, నీళ్ళు మాత్రం ఇంకా చాలాకాలం రాలేదు. నల్లరేగడిలో జొన్న, వరిగ, కంది, పత్తి వేసి వాన కోసం కళ్ళు కాయలు కాచేలా చూడటమే సేద్యం. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ పారిన చోట రైతు నిలిచాడు. పారని చోట, ముఖ్యంగా బొల్లాపల్లి మండలం మెట్టలో, బోరు వేయడం, అది ఎండిపోతే ఇంకో బోరు వేయడం, ఆఖరికి పొలం కౌలుకిచ్చి పట్నం చేరడం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. వరికపూడిశెల ఎత్తిపోతల కోసం ఆ మెట్ట రైతులు ఎదురుచూడబట్టి దశాబ్దాలైంది. ఆ నీళ్ళు వచ్చి ఉంటే వినుకొండ శివార్లలో ఇన్ని అద్దె పోర్షన్లు లేచేవి కావు.

ఈ ఊరు చాలామందికి మజిలీ. బొల్లాపల్లి, ఈపూరు, నూజెండ్ల, శావల్యాపురం మండలాల పల్లెల నుంచి పిల్లల చదువుల కోసం కుటుంబాలు ఇక్కడికి దిగుతాయి. తల్లి పిల్లలతో పోర్షన్‌లో ఉంటుంది, తండ్రి పొద్దున్నే బండి మీద పొలానికి వెళ్ళి చీకటి పడ్డాక వస్తాడు. పిల్లవాడికి పదో తరగతి అయ్యేసరికి చూపు గుంటూరు వైపో విజయవాడ వైపో తిరుగుతుంది. ఇంజినీరింగ్ అయ్యాక హైదరాబాదు, బెంగళూరు. 1990ల్లో బ్రాడ్‌గేజి వచ్చాక ఈ రెండో ప్రయాణం సులువైంది. బెంగళూరు వెళ్ళే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌ది ఈ దారే. రైలు ఊరికి మేలు చేసిందా, ఊరిని ఖాళీ చేసిందా అని పెద్దవాళ్ళు అరుగుల మీద వాదించుకుంటారు. రెండూ నిజమే.

ఇక్కడే ఉండిపోయినవాళ్ళను అడిగితే ముందు చెప్పేది ఖర్చు గురించి. గుంటూరులో రెండు గదులకిచ్చే అద్దెకు ఇక్కడ వాకిలితో సహా ఇల్లు వస్తుంది. బజారుకూ బ్యాంకుకూ బడికీ నడిచి వెళ్ళొచ్చు. జబ్బు చేస్తే పక్కింటివాళ్ళు గంజి కాచి తెస్తారు. ఆ తర్వాత గొంతు తగ్గించి చెప్పేవి వేరే ఉంటాయి. అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే సుమారు 40 కిలోమీటర్ల అవతలున్న నరసరావుపేటకో, దానికి రెట్టింపు దూరంలోని గుంటూరుకో పరుగెత్తాలి. మే నెలలో కొండరాయి కాగి రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతుంది. చదివిన చదువుకు తగిన కొలువు ఇక్కడ లేదు. ‘ఉండటానికి మంచిదే, బతకడానికే చాలదు’ అన్నది ఈ వీధుల్లో బాగా అరిగిన మాట.

అందరూ అందరికీ తెలిసిన ఊరు అనే సుఖం అందరికీ ఒకేలా దక్కలేదు. గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న ఇక్కడే పుట్టాడు. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవచేసి అవమానించారు. పేరు చెప్పక్కర్లేకుండానే కులం తెలిసిపోయే ఊరు అది. ఆయన బతుకుదెరువు రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చదివి వినిపించడం, గుంటూరులో పంతులుద్యోగం మీదుగా మద్రాసు ఆకాశవాణి దాకా సాగింది. ‘గబ్బిలం’ రాసిన ఆ కవిని 1970లో పద్మభూషణ్ వరించింది, మరుసటి ఏడు ఆయన గుంటూరులో కన్నుమూశాడు. ఈ రోజు ఊరు ఆయన పేరు తలెత్తుకుని చెప్పుకుంటుంది, చెప్పుకోవాల్సిందే. అయితే చిన్న ఊరి ఆప్యాయతను మెచ్చుకునే ప్రతి మాట పక్కనా ఆ సభను కూడా గుర్తుపెట్టుకోవడం న్యాయం. పెద్ద పట్నంలో ఎవరికీ తెలియకుండా బతకడం కొందరికి ఒంటరితనమైతే, ఇంకొందరికి మొదటిసారి ఊపిరి ఆడటం. ఇక్కడి నుంచి వెళ్ళిన వాడల పిల్లలు, చదువుకున్న ఆడపిల్లలు ఆ సంగతి దాచకుండానే చెబుతారు.

2014లో మాత్రం ఊరికి చిత్రమైన ఆశ పుట్టింది. రాష్ట్రం విడిపోయాక రాజధాని ఎక్కడన్న చర్చలో దగ్గరలోని దొనకొండ పేరు మోగింది. శివరామకృష్ణన్ కమిటీ నివేదికలో మార్టూరు–వినుకొండ ప్రాంతం ప్రస్తావన కూడా వచ్చింది. మెట్టచేలలో సరిహద్దు రాళ్ళు లేచాయి, ఊరొదిలి వెళ్ళినవాళ్ళు ఫోన్లు చేసి పొలం అమ్మొద్దని తమ్ముళ్ళకు చెప్పారు. 2015 అక్టోబరు 22న అమరావతిలో శంకుస్థాపన జరగడంతో ఆ ఫోన్లు ఆగిపోయాయి. అంతకు ముందు బొల్లాపల్లి దగ్గర బండ్లమొట్టులో హిందుస్థాన్ జింక్ సీసం గని నడిచినన్నాళ్ళు ఇలాంటి ఆశే కొంతకాలం నిలిచింది. గని మూతపడ్డాక దాని చుట్టూ బతికిన కుటుంబాలు మళ్ళీ దారి వెతుక్కున్నాయి.

ఇక పంట. ఈ నేల మనుషుల్ని నిలిపేదీ, తరిమేదీ అదే. పత్తి మీద తెల్లదోమ పడ్డ 1987–88 ఏడాది అప్పు తీర్చలేని రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021–22లో మిరప పూతనంతా నల్లతామర పురుగు పీల్చేసింది. ఎకరానికి లక్షలు పెట్టిన కౌలురైతు చేను దున్నేసి, హైదరాబాదులో వాచ్‌మన్ పనికి వెళ్ళడం ఆ ఏడు వింత కాలేదు. పంట పండిన ఏడు మాత్రం ఫిబ్రవరిలో ఊరి చుట్టూ కల్లాలు ఎర్రటి పట్టుచీరలు ఆరేసినట్టుంటాయి. ఆడవాళ్ళు ముక్కుకు కొంగు బిగించుకుని, గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరుతుంటే గాలి తిరిగినప్పుడల్లా వరసంతా తుమ్ముతుంది. టిక్కీలనే బస్తాలు నింపి కుట్లు వేసి గుంటూరు యార్డుకు ఎత్తుతారు. ఆ లారీ ఘాటు రోడ్డు మీద చాలాసేపు నిలుస్తుంది.

ఆ కోతలకు వచ్చేవాళ్ళలో ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఉంటాయి. సుగ్గికి, అంటే కోతల పనికి, వచ్చామంటారు. చేలగట్ల మీద పట్టాల గుడారాలు, మూడు రాళ్ళ పొయ్యి, బడి మాని తల్లి వెంట వచ్చిన పిల్లలు, చీర ఉయ్యాలలో పసిబిడ్డ. పని దొరకడంలేదని వినుకొండ కుర్రాళ్ళు వదిలి వెళ్తున్న నేలకే వాళ్ళు పని వెతుక్కుంటూ వస్తున్నారు. ఆ పిల్లలకు ఈ కోతల నెలల్లో బడి దొరికే ఏర్పాటు గట్టిగా జరగాలి. ఊరి బాగు గురించి మాట్లాడే ప్రతి సమావేశంలోనూ అది మొదటి మాట కావాలి.

2020లో కరోనా వచ్చినప్పుడు బయటికి వెళ్ళిన ఊరు ఒక్కసారిగా తిరిగొచ్చింది. మేడ మీద గదుల్లో ల్యాప్‌టాప్‌లు తెరుచుకున్నాయి. తాతలకు మనవళ్ళ గొంతులు పండగ పండక్కి కాకుండా రోజూ వినిపించాయి. కంపెనీలు పిలవగానే చాలామంది వెళ్ళిపోయారు. కొద్దిమంది ఆగారు, అమ్మానాన్నల మందుల కోసం, సొంతింటి కోసం. ఇప్పుడు ఆషాఢంలో తొలి ఏకాదశికి వెళ్ళినవాళ్ళూ ఆగినవాళ్ళూ కొండెక్కుతారు. మెట్ల మీద పాత స్నేహితులు ఎదురైతే ముందు అడిగేది ‘ఎప్పుడొచ్చావు’ అని, వెంటనే ‘ఎప్పుడెళ్తావు’ అని.

జూన్‌లో బడులు తెరిచే వారం ఈ కదలికంతా ఒకే సందులో కనిపిస్తుంది. పై పోర్షన్ నుంచి మంచం, ఫ్రిజ్, పుస్తకాల అట్టపెట్టెలు దింపి, కూతురి ఇంటర్ కోసం గుంటూరు వెళ్ళే మినీలారీలోకి ఎక్కిస్తున్నారు. వీధి మొగలో బొల్లాపల్లి ట్రాక్టర్ ఆగి ఉంది. అందులో బీరువా, గ్యాసుబండ, రెండు బియ్యం బస్తాలు, గోనెసంచిలో ఎండు మిరపకాయలు, వాటి మీద స్కూలు బ్యాగు పట్టుకుని కూర్చున్న ఆరో తరగతి పిల్లవాడు. లారీ కదిలింది. ట్రాక్టర్ వెనక్కి వస్తుంటే ఆ పిల్లవాడి తల్లి బిందె చంకనెత్తుకుని ముందుగా దిగి, ఇంటావిడ దగ్గరికి నడిచింది.

‘వదినా, ఇక్కడ మున్సిపాలిటీ నీళ్ళు ఏ టైముకొస్తాయి?’