స్టీఫన్ మార్‌బరీ

స్టీఫన్ మార్‌బరీ (జననం: 1977 ఫిబ్రవరి 20) అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు, కోచ్. న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో పెరిగాడు. జార్జియా టెక్ తరఫున ఒక్క సీజన్ ఆడి, 1996 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో నాలుగో ఆటగాడిగా ఎంపికయ్యాడు.

మిన్నెసోటా, న్యూజెర్సీ, ఫీనిక్స్, న్యూయార్క్, బోస్టన్ జట్లలో పాయింట్ గార్డ్‌గా రాణించాడు. 2001, 2003లలో ఆల్‌స్టార్ గౌరవం దక్కింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన అమెరికా జట్టులోనూ ఉన్నాడు. సొంత ఊరి జట్టు నిక్స్‌లో మాత్రం కోచ్‌లతో పొసగలేదు. ఎన్‌బీఏ టైటిల్ అందని పండుగానే మిగిలింది.

2010లో చైనా వెళ్లాక దశ తిరిగింది. షాన్షీ, ఫోషాన్ జట్లకు ఆడి, తర్వాత బీజింగ్ డక్స్‌లో కుదురుకున్నాడు. 2012లో ఆ జట్టుకు తొలి లీగ్ టైటిల్ అందించాడు. 2014, 2015లలోనూ విజయం వాళ్లదే. అభిమానులు బ్రహ్మరథం పట్టారు. బీజింగ్‌లో అతని విగ్రహం వెలిసింది.

2018లో ఆటకు వీడ్కోలు పలికి, మరుసటి ఏడాది బీజింగ్ రాయల్ ఫైటర్స్ కోచ్ అయ్యాడు.