మానిన తాగుడు మళ్లీ ఎందుకొస్తుంది?

మన చిత్తూరు జిల్లాకు మద్యనిషేధం కొత్త కాదు. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మొదలుపెట్టి, 1938లో మన జిల్లాకూ కడపకూ తెచ్చింది. యుద్ధకాలంలో సడలింది, తర్వాత మళ్లీ వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో అంగళ్లు మళ్లీ తెరుచుకున్నాయి.

చట్టం అంగడిని మూస్తుందే గాని అలవాటును మాన్పలేదు. మానినవాణ్ణి మళ్లీ లాగేవి పాత స్నేహితుల పిలుపు, ఇంట్లో ఎత్తిపొడుపులు, అప్పుల దిగులు. దూబగుంటలో ఒక్క ఇల్లాలు మొత్తుకుంటే అంగడి మూతపడేదా? ఆడవాళ్లంతా కలిశారు. మన ఐరాలలోనూ అంతే. మానినవాడికి పని చూపించాలి, పెండ్లిలో పక్కన కూర్చోబెట్టుకోవాలి, పాత సంగతులు ఎత్తరాదు. ఒకవేళ జారితే తిట్టిపోయక, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.