వెలుగు ముందుకు, వేడి వెనుకకు

మొక్కకు ఎండయే అన్నమని మనమెల్లరము ఎరుగుదుము. ఎండ చొరని చోట దీపము పెట్టి మొక్కను పెంచవలెనను తలంపు నూటయేబది ఏండ్లకు మించినది. ఆ చరిత్రను పరిశీలించినచో, వెలుగును సంపాదించుట కంటె దాని వెంట వచ్చు కీడును వేరుచేయుటయే కష్టమైన కార్యమని మాకు తోచినది.

1861లో ఫ్రాన్సు దేశమున హెర్వే మాంగోన్ అను శాస్త్రజ్ఞుడు విద్యుత్ ఆర్క్ దీపపు కాంతిలో లేత మొలకలు పచ్చబడునని చూపెను. ఇంగ్లండున టన్‌బ్రిడ్జ్ వెల్స్ చెంత తన తోటలో విలియం సీమెన్స్ రాత్రులందు ఆర్క్ దీపములు వెలిగించి మొక్కలను పెంచి, 1880లో ఆ ఫలితములను రాయల్ సొసైటీకి నివేదించెను. కప్పులేని దీపపు వెలుగు సోకిన ఆకులు కమలిపోయెను. నడుమ గాజుపలక అడ్డముంచగా హాని తగ్గెను. ఆర్క్ కాంతిలోని అతినీలలోహిత కిరణములను గాజు చాలవరకు ఆపివేయును. ఇది మొదటి పాఠము.

రెండవ కీడు వేడిమి. తీగ కాలి వెలుగు బల్బులో విద్యుత్తు అత్యధిక భాగము వేడిగనే పోవును. తరువాత వచ్చిన సోడియము దీపములు ప్రకాశవంతములే గాని, ఆకులు మాడకుండుటకు వాటిని ఎత్తున వ్రేలాడదీయవలసివచ్చెను. చలిదేశపు గాజు తోటలలో ఆ వేడి కొంత ఉపకరించును. మూసిన గదిలో అదే శత్రువగును.

1962లో నిక్ హోలోన్యాక్ అమెరికాలో కంటికి కనిపించు ఎర్రని కాంతినిచ్చు ఎల్.ఇ.డి.ని రూపొందించెను. 1980ల చివర విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో రేమండ్ బ్యూలా బృందము దానిని మొక్కలకు వినియోగింప పూనుకొనెను. వారి దృష్టి అంతరిక్షముపై నుండెను. అచట బరువు, విద్యుత్తు, వేడిమి మూడును పరిమితములే. నీలి ఎల్.ఇ.డి.లు అప్పటికి మందకాంతివే యగుటచే, ఎర్రవాటికి నీలి ఫ్లోరసెంట్ గొట్టములను జతచేసి లెట్యూస్ ఆకుకూరను పెంచి, 1991లో ఫలితములను ప్రకటించిరి. 1993లో జపానులో షుజి నకమురా ప్రకాశవంతమగు నీలి దీపమును సాధించెను. 1995లో కొలంబియా నౌకలో ఇట్టి దీపముల క్రింద బంగాళాదుంపలు ఊరినవి. 2015 ఆగస్టులో వ్యోమగాములు తమ కేంద్రమున పెరిగిన లెట్యూస్ ఆకులను ఆరగించిరి.

అయితే ఎల్.ఇ.డి. చల్లని దీపమనుట సగము నిజమే. దాని వెలుగుతో పాటు ముందుకు వచ్చు వేడి స్వల్పము. కనుకనే దానిని మొక్కకు దగ్గరగా ఉంచవచ్చును. వేడి అంతయు వెనుక, గోరంత స్ఫటికములో పుట్టును. అది పోవు త్రోవ లేనిచో వెలుగు క్షీణించును, దీపపు ఆయువు తగ్గును. వాల్వు రేడియో పెట్టె వెనుక అట్టకు చిల్లులెందుకుండెడివో పెద్దలకు జ్ఞాపకముండును. న్యాయము ఇచటను అదియే.

కావున దీపమును రెక్కలుగల అల్యూమినియము దిమ్మకు గట్టిగా బిగించి, నడుమ వేడిని ప్రసరింపజేయు లేపమును పలుచగా పూయవలెను. రెక్కలు నిలువుగా నుండిన వేడి గాలి వాటి నడుమ సులభముగా పైకి పోవును. దీపముపై ఖాళీ విడువవలెను, చెక్కపెట్టెలో మూయరాదు. అంతరిక్షమున భారరహిత స్థితి యగుటచే వేడి గాలి తనంతట పైకి లేవదు. అచట పంకా లేకున్న గడవదు.

ఇంకొక మాట. దీపమును చల్లార్చుట వేరు, గదిని చల్లార్చుట వేరు. ఆకులు గ్రహించిన కాంతిలో ఆహారముగా మిగులునది కొద్దిపాలు. తక్కినది కూడ చివరకు వేడిగనే మారును. వంద వాట్ల దీపము ఆ గదికి ఇంచుమించు వంద వాట్ల పొయ్యియే. కనుక వేడి గాలి బయటికి పోవు కిటికీని ముందు చూచుకొని, పిమ్మట దీపమును వ్రేలాడదీయుట వివేకము.